కెమెరా పేరు చూసి కాదు, సంచిలో ఉన్న లెన్సులు చూసి కొనండి

సంపాదకులు గారికి,

నమస్కారం. కెమెరా మార్చుకోవాలనుకునేవాళ్ల కోసం మీ పత్రికలో ఇటీవల ఒక పెద్ద వ్యాసం వేశారు. కానన్, నికాన్, సోనీ మూడింటినీ పక్కపక్కన పెట్టి, మెగాపిక్సెళ్లు ఎన్ని, సెకనుకి ఎన్ని ఫొటోలు, వీడియో ఎంతవరకు అని పట్టిక ఇచ్చి, చివర్లో ఒకదానికి మొదటి స్థానం ఇచ్చారు. శ్రద్ధగా రాశారు. అంకెల్లో నేను తప్పు పట్టడం లేదు. కానీ ఖాళీ చేతులతో దుకాణానికి వెళ్లేవాళ్లకి ఆ వ్యాసం పనికొస్తుందేమో గానీ, మాకు పనికిరాదు. మా జిల్లాల్లో కెమెరా మార్చే స్టూడియోవాళ్ల దగ్గర అప్పటికే ఒకటో రెండో బాడీలు (లెన్సు లేని కెమెరాలు), నాలుగైదు లెన్సులు, ఫ్లాష్‌లు, వాటిని వెలిగించే ట్రిగ్గర్లు, బీరువా నిండా బ్యాటరీలు ఉంటాయి. ఏ కంపెనీ గొప్పదన్నది మాకు అసలు ప్రశ్నే కాదు. ఉన్నవాటిలో ఎన్ని మిగుల్తాయి, ఎన్ని మూలపడతాయి అన్నదే మా ప్రశ్న. దాని గురించి ఆ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు కనక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది విజయనగరం. కోట దగ్గర స్టూడియో. మా మామగారు పెట్టినది. పెళ్లయి వచ్చాక ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. ఇప్పుడు ఫొటోలు నేను తీస్తాను, వీడియో మా ఆయన చూస్తారు, ఆల్బమ్ డిజైను, ఎడిటింగ్ మా మరిదివి. మా దగ్గర ఉన్నవి నికాన్ డీ750లు, 2014లో వచ్చిన మోడల్. అవి అలసిపోయాయి. చీకటి మండపంలో ఫోకస్ వెతుక్కుంటున్నాయి, షట్టర్లు కూడా చాలా తిరిగాయి. మార్చక తప్పదన్న విషయంలో ఇంట్లో అందరిదీ ఒకటే మాట. దేనికి మార్చాలన్నదగ్గరే గొడవ మొదలైంది.

మరిది సోనీ అన్నాడు. "వదినా, ఇప్పుడు పెళ్లివాళ్లే అడుగుతున్నారు, మీది సోనీయేనా అని. కాదంటే రేటు తగ్గించమంటున్నారు" అన్నాడు. అందులో అబద్ధం లేదు. నన్నూ అడిగారు. మా ఆయనకి వీడియో కోసం కానన్ మీద మనసు, రంగులు బాగుంటాయని. మామయ్య మాత్రం కుర్చీలోంచి లేవకుండానే, "ఏటి కొన్నా కొనండి గానీ అమ్మాయ్, పాత లెన్సులు దానికి పడతాయో లేదో ముందు అది సూడు" అన్నారు. ఆ రోజంతా జరిగిన చర్చలో పనికొచ్చిన మాట అదొక్కటే.

ఆయన ఊరికే అనలేదు. మా స్టూడియో గోడకి ఇప్పటికీ యాషికా మ్యాట్ కెమెరా వేలాడుతూ ఉంటుంది, పైనుంచి తొంగిచూసి తీసే రకం. ఒక తరం స్టూడియోవాళ్లకి కెమెరా అంటే అదే. ఆ యాషికా పేరుని నడిపిన క్యోసెరా కంపెనీ 2005లో కెమెరాల వ్యాపారమే వదిలేసింది. ఫిల్ములు, ల్యాబులు అంటే మా వాళ్లకి కొడాక్, కోనికా. కోనికా మినోల్టా 2006లో కెమెరాలు మానేసి ఆ విభాగాన్ని సోనీకి అప్పగించింది. కొడాక్ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. డిజిటల్ కెమెరాని మొట్టమొదట 1975లో తయారుచేసింది ఆ కొడాక్ ఇంజినీరే. ఇన్ని చూసిన మనిషికి పేరు మీద నమ్మకం ఉండదు, చేతిలో ఉన్న సామాను మీదే ఉంటుంది.

అసలు సంగతి మౌంట్ దగ్గర ఉంది. లెన్సు బాడీకి బిగుసుకునే ఆ లోహపు చక్రాన్నే మౌంట్ అంటాం. మా డీ750 లాంటి పాత డీఎస్ఎల్ఆర్‌లలో లెన్సుకీ, ఫొటోని పట్టే సెన్సర్‌కీ మధ్య ఒక అద్దం లేచి పడుతూ ఉంటుంది. దానికి చోటు కావాలి కనక మౌంట్ నుంచి సెన్సర్ దాకా నికాన్‌లో 46.5 మిల్లీమీటర్లు, కానన్‌లో 44 మిల్లీమీటర్లు దూరం పెట్టారు. మిర్రర్‌లెస్ అనే కొత్త రకం కెమెరాల్లో అద్దం తీసేశారు, దూరం తగ్గిపోయింది. నికాన్ జెడ్ మౌంట్‌లో 16, సోనీ ఈ (E) మౌంట్‌లో 18, కానన్ ఆర్ఎఫ్‌లో 20 మిల్లీమీటర్లు. పాత లెన్సుని కొత్త బాడీకి పెట్టాలంటే మధ్యలో మిగిలిన ఆ ఖాళీని ఒక రింగుతో పూడిస్తే సరిపోతుంది, అదే అడాప్టర్. కొత్త లెన్సుని పాత బాడీకి పెడదామంటే మాత్రం కుదరదు. ఆ లెన్సు సెన్సర్‌కి అంత దగ్గరగా వెళ్లాలి, వెళ్దామంటే అద్దం అడ్డం.

ఈ ఒక్క విషయం తలకెక్కితే సగం టెన్షన్ పోతుంది. ఎందుకంటే పెళ్లి ఫొటోగ్రాఫర్‌కి ఒక బాడీ ఎప్పుడూ చాలదు. రెండోది ఉండాలి, రెండోదానికీ అవే లెన్సులు పట్టాలి. మాఘమాసంలో ఒక మంచి ముహూర్తం పడిందంటే విజయనగరం నుంచి బొబ్బిలి, చీపురుపల్లి, రాజాం, పాలకొండ దాకా కల్యాణమండపాలన్నీ ఒకే రాత్రి నిండిపోతాయి. ఆ రాత్రి ఎవరి దగ్గరా అద్దెకి కెమెరా దొరకదు. ఎవరూ అరువు ఇవ్వరు, ఇవ్వలేరు, వాళ్లూ ఏదో ఒక పందిట్లోనే ఉంటారు. జీలకర్ర బెల్లం వేళకి బాడీ మొరాయిస్తే, సంచిలోంచి రెండో బాడీ తీసి అదే లెన్సు మార్చి తగిలించాలి. పురోహితుడు ఆగడు. తెర తీసేది ఒక్కసారే.

కాబట్టి ఒక బాడీ సోనీ, ఇంకోటి పాత నికాన్ అనుకుంటే జరిగేదేమిటి? రెండు రకాల లెన్సులు మోయాలి. ఫ్లాష్‌ని వెలిగించడానికి కెమెరా మీద పెట్టే ట్రిగ్గర్ ఒకదానిది ఇంకోదానికి పూర్తిగా పనిచేయదు, ఎందుకంటే దాన్ని తగిలించే షూలో కాంటాక్టులు ఒక్కో కంపెనీవి ఒక్కో రకం. బ్యాటరీలు వేరు, ఛార్జర్లు వేరు. మార్చాల్సింది బాడీ ఒక్కటే అనుకుని వెళ్తాం. తీరా చూస్తే లెన్సు, ట్రిగ్గర్, బ్యాటరీ, కొత్త రకం మెమరీ కార్డు, అన్నీ కలిసి బాడీ ఖరీదుని దాటిపోతాయి. మీ పట్టికలో బాడీ ధర పక్కన ఇవి ఉంటే మొదటి స్థానం ఎవరికి వచ్చేదో నాకు తెలియదు గానీ, మనిషికో సమాధానం వచ్చేదని మాత్రం చెప్పగలను.

అడాప్టర్ ఉంది కదా అని కళ్లు మూసుకుని కొనెయ్యడానికీ లేదు. నికాన్ వాడేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. వాళ్ల ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉంది, చాలా పాత లెన్సులకి సొంత మోటారు ఉండదు. బాడీలో ఉన్న మోటారు ఒక చిన్న పుల్లలాంటి ఇరుసుతో లెన్సుని తిప్పుతుంది. పేరు చివర డీ అని ఉండే 50, 85 మిల్లీమీటర్ల లెన్సులు ఆ రకమే. మా డీ750లో ఆ మోటారు ఉంది. నికాన్ ఇచ్చే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో లేదు. కొత్త బాడీకి తగిలిస్తే ఫొటో పడుతుంది, ఎక్స్‌పోజర్ సరిగ్గానే వస్తుంది, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. తలంబ్రాల్లో చేత్తో ఫోకస్ అంటే అయ్యే పని కాదు. సొంత మోటారు ఉన్న 24-70, 70-200 లాంటి జూమ్ లెన్సులు మాత్రం హాయిగా పనిచేస్తాయి. కానన్‌వాళ్లకి ఈ బెంగ లేదు. 1987లో ఈఎఫ్ మౌంట్ మొదలుపెట్టినప్పుడే ప్రతి లెన్సులోనూ మోటారు పెట్టేశారు. అందుకే వాళ్ల అడాప్టర్‌తో పాత ఈఎఫ్ లెన్సులు కొత్త ఆర్ వరస మిర్రర్‌లెస్ బాడీల మీద చక్కగా నడుస్తాయి. అదే కానన్, ఆ 1987లోనే, అంతకుముందున్న ఎఫ్‌డీ మౌంట్‌ని నమ్ముకున్నవాళ్లందరినీ కొత్త లెన్సులు కొనుక్కోమంది. ఏ కంపెనీ అయినా ఏదో ఒక రోజు ఆ పని చేస్తుంది. 2012లో కానన్ తెచ్చిన ఈఎఫ్-ఎం మౌంట్ ఇప్పుడు లేదు. నికాన్ వన్ అని 2011లో వచ్చినది లేదు. శామ్‌సంగ్ ఎన్ఎక్స్ కెమెరాలూ ఆగిపోయాయి, అవి కొన్నవాళ్ల సంగతి సరేసరి.

సోనీని నేను తక్కువ చేయడం లేదు. కొత్తగా స్టూడియో పెట్టే కుర్రాడు, చేతిలో ఏమీ లేనివాడు నన్నడిగితే సోనీయే చూసుకోమంటాను. కారణం బాడీ కాదు. వాళ్ల ఈ (E) మౌంట్ 2010 నుంచి ఉంది, బయటి లెన్సు కంపెనీలకి వాళ్లు తలుపులు తెరిచి పెట్టారు. సిగ్మా, టామ్రాన్ లెన్సులు దానికి దొరికినన్ని వేరే మిర్రర్‌లెస్ మౌంట్‌కి దొరకవు. కంపెనీ లెన్సు ధరలో సగానికో ఇంకాస్త ఎక్కువకో పనైపోయే లెన్సు ఉండటం మనలాంటి ఊళ్లలో చాలా పెద్ద విషయం. సెకండ్‌హ్యాండ్‌లోనూ ఎక్కువ తిరుగుతాయి. నికాన్ జెడ్‌కి కూడా టామ్రాన్, సిగ్మా లెన్సులు కొన్ని వచ్చాయి. కానన్ ఆర్ఎఫ్‌లో చిన్న సెన్సర్ బాడీల కోసం 2024లో సిగ్మా, టామ్రాన్‌లని రానిచ్చారు గానీ పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ దగ్గర ఇప్పటికీ చెయ్యి బిగపట్టే ఉన్నారు. అంటే ఆర్6 లాంటి ఫుల్‌ఫ్రేమ్ బాడీ కొని కొత్త లెన్సులకి వెళ్దామనుకునేవాళ్లు కానన్ చెప్పిన ధరకి కానన్ దగ్గరే కొనాలి. పాత ఈఎఫ్ లెన్సులు ఉన్నవాళ్లకి ఆ ఇబ్బంది లేదు.

మెగాపిక్సెళ్ల గురించి మా ఇంట్లో కూడా వాదన అయింది. సోనీ ఏ7 ఫోర్‌లో 33, నికాన్ జెడ్ సిక్స్ త్రీలో 24.5, కానన్ ఆర్6 మార్క్ టూలో 24.2. మరిది దీన్ని పట్టుకున్నాడు. నేను ఆల్బమ్ తెచ్చి ముందు పెట్టాను. మేమిచ్చేది 12 బై 36 అంగుళాల షీటు. ఒకే ఫొటోని షీటు మొత్తం పరిచినా, 24 మెగాపిక్సెళ్ల ఫొటో వెడల్పు 6,000 చుక్కలు, అంగుళానికి 166 పడుతుంది. 33 అయితే 7,008 చుక్కలు, అంగుళానికి 195 దాకా వస్తుంది. ఒళ్లో పెట్టుకుని చూసే ఆల్బమ్‌లో ఆ తేడాని కనిపెట్టే పెళ్లివారిని నేను చూడలేదు. పైగా ఒక పెళ్లికి వేలల్లో ఫొటోలు తీస్తాం. ఆ బరువంతా మోయాల్సింది మా కంప్యూటరూ హార్డ్‌డిస్కులే. మరిదికి ఇది వెంటనే అర్థమైంది, ఎడిటింగ్ తనదే కదా.

రంగుల విషయం కొంచెం ఆగి చెప్పాలి. కానన్‌లో ఒంటి రంగు బాగా వస్తుంది అన్నది మన దగ్గర స్థిరపడిపోయిన మాట. రా ఫైల్, అంటే కెమెరా రంగులు దిద్దకుండా ఇచ్చే ఫైల్, తీసి కంప్యూటర్‌లో సరిచేసుకునేవాళ్లకి అందులో పెద్ద అర్థం లేదు, ఏ కంపెనీ ఫైల్‌నైనా కావలసిన రంగుకి తెచ్చుకోవచ్చు. కెమెరాయే రంగులు దిద్ది ఇచ్చే జేపెగ్ తీసి పొద్దున్నకి పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టేవాళ్లకి మాత్రం తేడా ఉంటుంది, నేను కాదనను. అయితే అసలు పరీక్ష నలుగు రోజున వస్తుంది. పెళ్లికూతురి ముఖానికీ చేతులకీ పసుపు, చీర పసుపు, వెనక బంతిపూల దండలు. వెలుతురు రంగుని కెమెరాయే సరిచేసుకునే ఆటో వైట్ బ్యాలెన్స్‌లో వదిలేస్తే, ఫ్రేమంతా పసుపే కనబడేసరికి అది వెలుతురు రంగు అనుకుని తగ్గించేస్తుంది. పసుపు పాలిపోతుంది, పక్కన కూర్చున్న అత్తమ్మల తెల్లచీరలు నీలంగా దిగుతాయి. ఇది ఏ కంపెనీ కెమెరా అయినా ఎంతో కొంత చేస్తుంది. ఎండ పడుతున్న వాకిట్లో అయితే వైట్ బ్యాలెన్స్‌ని కెల్విన్ 5,200 దగ్గర కట్టేసి తీస్తే మూడు కంపెనీల్లోనూ పసుపు పసుపులాగే ఉంటుంది. ఆ ఒక్క మీట నొక్కడం నేర్చుకోవడానికి రెండు లక్షలు పెట్టి కంపెనీ మారనక్కర్లేదు.

అలాగే మండపంలో ఎల్ఈడీ లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో చాలా లైట్లు సెకనుకి వంద సార్లు మినుకుమంటాయి. మన కంటికి తెలీదు. కొత్త కెమెరా కొన్న మోజులో చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే ఫొటో నిండా అడ్డచారలు పడతాయి. అప్పుడు కెమెరాని తిడతారు. మెకానికల్ షట్టర్‌కి మార్చి, స్పీడుని 1/100 దగ్గర ఉంచితే చాలా మండపాల్లో బాధ తీరిపోతుంది. వేదిక వెనకాల పెద్ద ఎల్ఈడీ స్క్రీన్ ఉంటే అది వేరే తలనొప్పి, దాని మినుకు దానిదే. ముందుగా రెండు ఫొటోలు తీసి చూసుకోవాలి.

ఇక ఫోకస్. కంటిని పట్టుకునే ఫోకస్‌లో సోనీ ముందు నడిచింది, మిగతా ఇద్దరూ వెనకాలే వచ్చేశారు. ఇప్పుడు మూడూ కంటిని పట్టుకుంటాయి. ఎవరి కంటిని అన్నదే పేచీ. మా పైడితల్లమ్మ సిరిమానోత్సవం తీసినవాళ్లకి ఇది బాగా తెలుసు. దసరా తర్వాత వచ్చే మంగళవారం, మధ్యాహ్నం దాటాక సిరిమాను కదులుతుంది. పూజారి ఆ మాను చివర, అంత ఎత్తున, ఆకాశాన్ని వెనకేసుకుని కూర్చుంటారు. ముఖం నీడలో, వెనక అంతా వెలుగు. కిందినుంచి జనం విసిరే అరటిపళ్లు గాల్లో ఉంటాయి. కెమెరా ఎంత గొప్పదైనా దగ్గరగా ఎగిరే అరటిపండు మీదకో, ముందు నిలబడి చెయ్యెత్తిన మనిషి మీదకో ఫోకస్ దూకుతుంది. ఫోకస్ చూపే చిన్న పెట్టెని వేలితో ఆ ముఖం మీదకి తెచ్చి, ఎక్స్‌పోజర్‌ని ఒకటిన్నర స్టాపు పెంచి, మాను ఊగే లయని పట్టుకోవాలి. అది చేయి తిరిగినవాళ్లకి పాత డీ750లోనూ దొరుకుతుంది. కొత్తదాంట్లో ఎక్కువసార్లు దొరుకుతుంది, అంతే తేడా.

నాకు సోనీ మీద నిజంగా మనసు లాగేది ఒక్క విషయంలోనే, బరువు. వాళ్ల రెండో తరం 70-200 ఎఫ్2.8 లెన్సు 1,045 గ్రాములు. కానన్ ఆర్ఎఫ్‌ది 1,070. నా దగ్గరున్న పాత నికాన్ 70-200 ఒకటిన్నర కిలో పైమాటే, దానికి అడాప్టర్ బరువు అదనం. అర్ధరాత్రి ముహూర్తానికి సాయంత్రం నుంచీ అది మెడలో వేసుకుని నిలబడితే, పొద్దున్నకి కుడి భుజం పైకి లేవదు. మగవాళ్లు రాసే కెమెరా వ్యాసాల్లో బరువు గురించి ఒక వరసలో చెప్పి వదిలేస్తారు. మా ప్రాంతంలో ఇప్పుడు పెళ్లిళ్లకి కెమెరా పట్టే ఆడపిల్లలు కనిపిస్తున్నారు. వాళ్లకి గ్రాముల లెక్క కూడా చెప్పండి.

పక్షుల ఫొటోలు తీసేవాళ్ల లెక్క పూర్తిగా వేరు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, ఇచ్ఛాపురం వైపు తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు దిగే కాలంలో చాలామంది కుర్రాళ్లు కెమెరాలతో వెళ్తున్నారు. వాళ్లు బాడీ కంటే ముందు ఏ కంపెనీలో 600 మిల్లీమీటర్ల దాకా వెళ్లే లెన్సు తన డబ్బుకి అందుతుందో చూసుకోవాలి. సోనీ 200-600, నికాన్ జెడ్ 180-600, కానన్ ఆర్ఎఫ్ 200-800, మూడూ రెండు కిలోల అటూఇటూ ఉంటాయి. వాళ్లకి నా సలహా పనికిరాదు, నా సలహా వాళ్లకి ఇవ్వను కూడా.

చివరికి మేమేం చేశామంటే, ఒక్క నికాన్ జెడ్ సిక్స్ త్రీ బాడీ, అడాప్టర్ తీసుకున్నాం. కొత్త లెన్సు ఒక్కటీ కొనలేదు. 24-70, 70-200 దాని మీదకి వెళ్లాయి. డీ రకం 85 పాత బాడీ మీదే ఉండి పోర్ట్రెయిట్లు తీస్తోంది. కొత్తది మొరాయిస్తే అదే లెన్సులు పాతవాటికి తిరిగి వస్తాయి. నికాన్ మీద అభిమానంతో చేసిన పని కాదిది. మా బీరువాలో కానన్ ఈఎఫ్ లెన్సులుంటే ఆర్6 వచ్చేది. కొత్త మౌంట్ లెన్సులు ఒక్కొక్కటిగా, డబ్బు చేతిలో ఉన్నప్పుడు, పాత బాడీలు పూర్తిగా పడిపోయే వేళకి కొంటాం. మరిది కూడా ఒప్పుకున్నాడు, ఆ మిగిలిన డబ్బుతో తన కంప్యూటర్ మారింది. పెళ్లివాళ్లు "మీది సోనీయేనా" అంటే ఇప్పుడు వాళ్ల ఊళ్లో అంతకుముందు మేం చేసిన పెళ్లి ఆల్బమ్ చూపిస్తున్నాను.

డబ్బు గురించి ఒక మాట. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి నుంచి 28 శాతం కాస్తా 18 శాతం అయింది. రెండు లక్షల బిల్లులో ముప్పై వేల పైచిలుకు పన్నే. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థలు ఆ పన్నుని తమ లెక్కల్లో తిరిగి సర్దుకుంటాయి. ఏడాదికి ఇరవై లక్షల లోపు చేసుకునే మాలాంటి చిన్న స్టూడియోలు రిజిస్టర్ అవ్వవు, ఆ ముప్పై వేలూ జేబులోంచే పోతాయి. ఇక్కడే కుర్రాళ్లు బిల్లు లేని సరుకు వైపు వెళ్తున్నారు. రాజాం దగ్గర మాకు తెలిసిన ఒక కుర్రాడు పెద్ద ఊళ్లో ఒక దుకాణంలో అలాగే తక్కువకి వచ్చిందని ఒక బాడీ తెచ్చుకున్నాడు. షట్టర్ పోయింది. తీసుకెళ్తే, ఇది మన దేశంలో అమ్మిన సరుకు కాదు, వారంటీ రాదన్నారు. దుకాణంవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. వాళ్ల నాన్న ఆ కెమెరా కోసం ధాన్యం డబ్బు ఇచ్చాడు. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం, ఏ కంపెనీ అయినా ఆ జవాబే వస్తుంది. మీ వ్యాసంలో ధరలు ఇచ్చినప్పుడు, సీరియల్ నంబరుతో బిల్లు, మన దేశపు వారంటీ కార్డు చూసుకోమని పెద్దక్షరాల్లో వేసి ఉంటే బాగుండేది.

బిల్లు ఉన్నా బాగుచేయించుకోవడం మాకు ఒక ప్రయాణమే. సెన్సర్ మీద దుమ్ము పడిందన్నా, మౌంట్ వదులైందన్నా విశాఖ వెళ్లాలి, లేదా కొరియర్ చేసి దేవుడి మీద భారం వేయాలి. ఇచ్ఛాపురం, సోంపేట వైపువాళ్ల సంగతి ఆలోచించండి. బారువ, కళింగపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలి, వానాకాలం తేమ. లెన్సు లోపల బూజు పట్టడం అక్కడ మామూలు విషయం. తిత్లీ తుఫాను 2018 అక్టోబరులో ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు ఆ పక్క రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు కెమెరాని పొడిగా ఉంచడానికి సిలికా జెల్ సంచులు వేసిన డబ్బా తప్ప ఇంకేమీ పనిచేయదు. ఆ ప్రాంతంవాళ్లు కెమెరా ఎంచుకునేటప్పుడు, ఆ కంపెనీ వస్తువుని దగ్గర్లో ఎవరు విప్పగలరు అన్నది మొదటి ప్రశ్న కావాలి.

అందుకని మీ ద్వారా రెండు విన్నపాలు చేస్తున్నాను. మొదటిది మా ఫొటోగ్రాఫర్ల సంఘాలకి. ఒక్కో ఊళ్లో ఎవరి దగ్గర ఏ మౌంట్ బాడీలు, లెన్సులు ఉన్నాయో ఒక కాగితం మీద రాసి పెట్టుకుందాం. ముహూర్తం రాత్రి కాకపోయినా, మిగతా రోజుల్లో ఒకరి లెన్సు ఇంకొకరికి పనికొస్తుంది. కొత్తగా కొనబోయేవాళ్లు కూడా ఆ కాగితం చూసి, తన చుట్టుపక్కల నలుగురూ వాడే మౌంట్‌కి వెళ్తే రేపు ఆదుకునేవాళ్లు ఉంటారు. కొనేముందు ఒక ఫంక్షన్‌కి తెచ్చుకుని చేతిలో పట్టి చూసుకోవచ్చు.

రెండోది కెమెరా కంపెనీలకి. ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. ఏటా ఆ రోజున మేం ఊరూరా దండలు వేసి, సన్మానాలు చేసి ఫొటోలు దిగుతున్నాం. సాధారణంగా అప్పటికి శ్రావణం పెళ్లిళ్లు మొదలవుతాయి, దాని ముందు ఆషాఢంలో మాకు పని తక్కువ. ఆ ఆషాఢంలోనే ఒక రోజు విజయనగరంలో, ఒక రోజు శ్రీకాకుళంలో సర్వీస్ క్యాంపు పెట్టండి. సెన్సర్ శుభ్రం చేసి, షట్టర్ ఎంత తిరిగిందో చెప్పి, లెన్సులో బూజు ఉందో లేదో చూసి పంపితే చాలు, డబ్బు మేమే ఇచ్చుకుంటాం. పెద్ద నగరాల్లో ఎగ్జిబిషన్లు పెట్టినప్పుడు చేస్తున్న పనే ఇది. మూడు కంపెనీల్లో ఏది ముందుగా మా ఊరు వస్తే, వచ్చే సీజన్‌కి కొత్త బాడీ కొనేవాళ్లకి నేను ఆ పేరు చెప్తాను. హాలు, కరెంటు, భోజనాలు మేం చూసుకుంటాం. తారీఖు ఖాయమైతే మీ జిల్లా పేజీలో ఒక చిన్న వార్త వేసి సాయం చేయగలరని మనవి.

ఇట్లు,
ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్,
కోట దగ్గర, విజయనగరం